అడ్డకర్రకు కుడివైపు

ఆ ఎండాకాలమంతా గుర్రాలు దూకే అడ్డకర్రను కుడి చివర పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనే. ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఆఖరిదాకా దాచిపెట్టి, నేను మంచివాణ్ణని మీరనుకునేలా కథ నడిపే తెలివి నాకు లేదు. గుర్రాలకు నాడాలు కొట్టడం నా పని. సుత్తి ఎక్కడ పడాలో చేతికి తెలుసు. మాట ఎప్పుడు పడాలో మాత్రం నోటికి ఈనాటికీ తెలీదు.

ఎడమ చివర మా బావ. ఒకప్పుడు నేను పనిచేసే గుర్రాలశాల తరఫునే దూకుడు పందాల్లో పేరు మోగిన రౌతు. ఒకరోజు గుర్రం దుంగకు కాలు తగిలి తలకిందులై మీద పడితే, ఎడమ కాలు నుజ్జునుజ్జయింది. అప్పటినుంచి కుంటుకుంటూ రౌతులకు శిక్షణ ఇస్తున్నాడు. ముక్కు మీదే ఉంటుంది కోపం. మా అక్క అక్కడే గుర్రాలకు దాణా కలిపేది. శాల వెనక మూడు గదుల్లో నలుగురం ఉండేవాళ్ళం. తలగడలు కూడా ఎండుగడ్డి వాసన కొట్టేవి.

నాలుగో మనిషి వాళ్ళ కూతురు, నా మేనకోడలు. పందొమ్మిదేళ్ళు. బరువు లేని పిల్ల కాబట్టి అందరం పిచ్చుక అని పిలిచేవాళ్ళం. అది ఎక్కే ఆడగుర్రం పేరు మసి. పేరుకు తగ్గట్టే నల్లన. పరుగు తీస్తే కళ్ళు తిప్పుకోలేం గానీ, దూకేటప్పుడు మాత్రం ఒళ్ళు బద్ధకం. ముందుకాళ్ళు పూర్తిగా ముడవదు. శిక్షణ మైదానంలో అయితే ఫరవాలేదు, కాలు తగిలితే అడ్డకర్ర కింద పడుతుంది, అంతే. బయట గుంటలూ గట్లూ దాటుతూ పరుగెత్తే క్రాస్ కంట్రీ పందెంలో అలా కాదు. అక్కడ దుంగలు భూమిలో పాతి ఉంటాయి. దుంగ పడదు, గుర్రమే పడుతుంది. ఒక్కోసారి రౌతు మీద పడుతుంది.

ఎండాకాలం చివర్లో క్రాస్ కంట్రీ ఎంపిక పోటీ. అందులో నెగ్గితే పిచ్చుకే ఈ శాల రౌతు అని యజమానురాలు మాటిచ్చింది. మేమంతా ఆవిణ్ణి మేడమ్ అనే అంటాం. ఆరేళ్ళ వయసు నుంచీ ఆ పిల్లకు వేరే కోరికంటూ లేదు. మా బావకు మాత్రం ఒకటే భయం. అది చావకుండా తిరిగి రావాలి. ఆ సంగతి నోరు తెరిచి చెప్పడం చేతగాక తిట్లు తిట్టేవాడు.

ఒకరోజు పొద్దున్నే నన్ను మైదానంలోకి పిలిచాడు.

"ఒరేయ్, నువ్వు కుడివైపు నిలబడు. మసి గాల్లోకి లేవగానే నేను ఊఁ అంటాను. అడ్డకర్రని నాలుగు వేళ్ళ ఎత్తు పైకి లేపు. దాని ముందుకాలి ఎముకకి తగలాలి."

"ఎముకకా? విరుగుతుంది బావా!"

"విరగదు. మండుతుంది. ఆ మంట గుర్తుంటే రేపు దుంగ దగ్గర కాళ్ళు ముడుస్తుంది. ఇదేం నేను కనిపెట్టిన విద్య కాదులే."

"పిచ్చుకకు చెప్పావా?"

"చెప్పకూడదు. కర్ర లేస్తుందని తెలిస్తే దగ్గరికి రాగానే చేతులు బిగుస్తాయి. రౌతు బిగుసుకుంటే గుర్రం బెదురుతుంది. నువ్వు నోరు మూసుకుని పట్టుకో."

మీరనుకోవచ్చు, పైన కూర్చున్న మనిషికి కనపడదా అని. కనపడదు. పడిన కర్రలు తీసి పెట్టడానికి ఏ మైదానంలోనైనా రెండువైపులా ఇద్దరు నిలబడటం మామూలే. పైగా వాళ్ళ నాన్న దానికి నేర్పిన మొదటి పాఠం, చూపు గుర్రం చెవుల మధ్యనుంచి ముందుకే ఉండాలని. దూకేటప్పుడు కిందికి చూస్తే కిందికే పోతావని వెయ్యిసార్లు చెప్పాడు. అది ఆ మాట తు.చ. తప్పకుండా పాటించేది. అదే మాకు కలిసొచ్చింది.

మసి వచ్చింది. లేచింది. బావ ఊఁ అన్నాడు. లేపాను. ఠప్‌మని శబ్దం, నా భుజందాకా అదురు. మసి గొంతులోంచి మూలుగు వచ్చింది. కర్ర కింద పడింది.

"చూపు దించావు!" అని అరిచాడు బావ.

"లేదు నాన్నా, ముందుకే..."

మాట పూర్తికాలేదు. కొరడా పిల్ల తొడ మీద పడింది. "ఎదురు మాటొకటా? గుర్రానికి కాలెందుకు తగిలింది మరి? నువ్వు దించితేనే అది దించుతుంది!"

"సారీ నాన్నా. మళ్ళీ వస్తాను."

గుర్రాన్ని తిప్పుకుంటూ పిచ్చుక దాని మెడ నిమిరింది. "నాదే తప్పే, నీది కాదు," అనడం నాకు వినపడింది. అయినా మళ్ళీ కర్ర పట్టుకున్నాను. ఆ పూట పన్నెండుసార్లు వచ్చారు. నాలుగుసార్లు మేం లేపాం, నాలుగుసార్లూ పిల్ల దెబ్బలు తింది.

సిగ్గువిడిచి ఇంకో మాట చెబుతాను. వారం తిరిగేసరికి మసి నిజంగానే ఎత్తుకు దూకడం మొదలుపెట్టింది. కాళ్ళు గుండెలకు హత్తుకుని దూకుతుంటే మేడమ్ చప్పట్లు కొట్టింది. పిచ్చుక మొహం వెలిగిపోయింది. నేనూ పొంగిపోయాను. మసి ముందుకాళ్ళకు పట్టీలు నేనే కట్టేవాణ్ణి. కింద వాపు ఎలా ఉందో నాకు తెలుసు. అయినా పొంగిపోయాను.

నెల తిరిగేసరికి చెక్క దెబ్బకు అలవాటుపడి మళ్ళీ బద్ధకించింది. బావ అడ్డకర్ర తీసేసి, తెల్లరంగు వేసిన ఇనుప గొట్టం పెట్టాడు. శబ్దం రాకుండా లోపల గోనెపట్టా కుక్కాడు. చేతిలోకి తీసుకుంటే బరువుగా, చల్లగా ఉంది.

"బావా, ఇది ఎక్కువ."

"దుంగ ఇంతకంటే ఎక్కువ. నా కాలు చూడు, తెలుస్తుంది."

ఆ కాలి మాట ఎత్తితే ఇంట్లో ఎవరికీ నోరు లేచేది కాదు.

పోటీకి పది రోజుల ముందు నాడాలు మార్చాలి. మసికి మొదటి నాడా కొట్టింది నేనే. నేను దాని కాలు ఎత్తి నా మోకాళ్ళ మధ్య పెట్టుకుంటే, నిలబడే కునుకు తీసేది. అంత చనువు. ఆ రోజు ఎడమ గిట్టలు రెండూ అయిపోయాయి. కుడివైపుకు వెళ్ళాను. వెళ్ళగానే మెడమీద చర్మం వణకడం కనిపించింది. ఈగ వాలిందేమో అనుకున్నాను. వంగి కాలు పట్టుకోబోయాను, అంతే. వెనక కాలు ముందుకు విసిరి తన్నింది. గోడకు కొట్టుకుని కింద పడ్డాను. రెండు పక్కటెముకలు విరిగాయని తర్వాత తెలిసింది. లేవబోతే పళ్ళు బయటపెట్టి మీదికొచ్చింది. పాక్కుంటూ బయటపడ్డాను.

నొప్పికంటే అవమానం ఎక్కువ మండింది. బయటికొచ్చి బల్లమీద కూర్చుని ఆలోచిస్తుంటే, పిచ్చుక దాన్ని బయటికి నడిపించుకొచ్చింది. మైదానంలో ఒక అడ్డకర్ర పక్కన పెయింటరు నిలబడి రంగు వేస్తున్నాడు. అంతదూరం నుంచే మసి వాణ్ణి చూసి చెవులు వెనక్కి వాల్చి, రెండు కాళ్ళమీద లేచింది. వాడు బెదిరి పక్కకు తప్పుకోగానే తల దించుకుని బుద్ధిగా నడిచింది.

అప్పుడు తెలిసింది. మేం కర్రకు భయపడటం నేర్పుతున్నాం అనుకున్నాం. అది కర్రనెప్పుడో వదిలేసింది. కర్ర పక్కన నిలబడ్డ మనిషిని చూస్తోంది. ఎంపిక పోటీలో ప్రతి అడ్డంకి పక్కనా ఒక పరిశీలకుడు కూర్చుంటాడు, కాగితాలు పట్టుకుని.

దాణా గదిలో బావను పట్టుకున్నాను.

"పోటీ మానిపించు. అది దుంగని చూడదు, పక్కన మనిషిని చూస్తుంది. గాల్లో ఉండి అటు చూస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

"తన్ను తిన్నావని తిక్క మాటలు మాట్లాడకు."

"అయితే పిచ్చుకకు చెప్పేస్తాను. ఎక్కాలో వద్దో అదే తేల్చుకుంటుంది."

ఆ మాట నోట్లో ఉండగానే పిడికిలి నా దవడకు తగిలింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలేసరికి నాకూ ఒళ్ళు తెలీలేదు. విరిగిన పక్కటెముకల సంగతి మరిచిపోయి మీద పడ్డాను. బస్తాల మీద దొర్లాం. గొంతు పట్టుకున్నాడు. వాడి కుంటికాలి మీద మోకాలితో పొడిచాను. అలా పొడవకూడదని తెలిసే పొడిచాను. కేక పెట్టి, చేతికందిన దాణా కొలిచే ఇనుప డబ్బాతో నా తల పగలగొట్టాడు. అక్క పరుగున వచ్చి, తొట్టిలో నీళ్ళు బకెట్‌తో ఇద్దరి మీదా కుమ్మరించింది.

"గుర్రాలు నయం మీకంటే! ఏం పుట్టింది మీ ఇద్దరికీ?"

నెత్తురు కారుతుంటే తన కొంగుతో నా తల నొక్కిపట్టి అడిగింది, "ఏంట్రా తమ్ముడూ?" అని. ఏం లేదన్నాను. బావ నా చెవి దగ్గరికి వంగి, "ఇప్పుడు చెబితే దాని చేతులు బిగుస్తాయి. బిగిస్తే చస్తుంది. ఆ పాపం నీది," అని వెళ్ళిపోయాడు.

ఆ మాట పట్టుకుని పది రోజులు దాక్కున్నాను. నిజం చెప్పొద్దూ, దాని చేతుల గురించి కాదు నా భయం. చెబితే మామయ్యా అని మళ్ళీ పిలవదేమోనని. పిల్లలు లేనివాణ్ణి. ఆ పిలుపు ఒక్కటే నాకున్నది.

మసి కుడి గిట్టలకు నాడాలు వేరేవాడి చేత కొట్టించాం. పోటీ రోజు పొద్దున ఆఖరిసారి చూడటానికి వెళ్ళాను. పిచ్చుక అప్పటికే జీను మీద ఉంది. ఛాతీకి కవచం, తలకు టోపీ. మొహం మాత్రం పాలిపోయింది.

"నాడాలెలా ఉన్నాయి మామయ్యా?"

"బంగారంలా ఉన్నాయి."

"నీ తల మీద ఆ కట్టేంటి, నిజం చెప్పు. మెట్లమీంచి పడ్డానన్నావు. మనకు మెట్లెక్కడున్నాయి?"

నవ్వింది. నోరు తెరిచాను. మళ్ళీ మూసి, వంగి జీను పట్టీ బిగించాను. అప్పుడే మైకులో దాని నంబరు పిలిచారు. "చూపు ముందుకే కదా, తెలుసులే!" అని, నేను చెప్పబోయింది అదే అనుకుని వెళ్ళిపోయింది.

బావా నేనూ మిట్ట మీద, ఒకరికొకరు దూరంగా నిలబడ్డాం. మొదటి అయిదు అడ్డంకులూ చూడాలి మీరు! పరిశీలకులు ఎండకు తట్టుకోలేక దూరంగా చెట్ల కింద కూర్చున్నారు. మసి గాలిలా పోయింది. గుంట దాటింది, గట్టెక్కింది, నీళ్ళలోకి దూకి నీళ్ళలోంచి లేచింది. పక్కనెవరో "ఎవరండీ ఆ అమ్మాయి?" అంటే, పక్కటెముకలు పట్టుకుని నవ్వుతూ "మా అమ్మాయి," అన్నాను. అంతా నా పిచ్చి భయమే అనుకున్నాను. పిచ్చి భయమైతే ఎంత బాగుండేది!

ఆరోది వాలులో ఉన్న పెద్ద దుంగ. దాని కుడి చివర నీడ ఉంది. ఆ నీడలో కుర్చీ వేసుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. మంచి మనిషే అయ్యుంటాడు. గుర్రం వస్తోందని మర్యాదకు లేచి నిలబడ్డాడు.

మసి తల కుడివైపు తిరిగింది. పిచ్చుక తలమాత్రం తిరగలేదు, ముందుకే చూస్తోంది. రెండు అంగల ముందే మసి లేచిపోయింది. గాల్లో ఆ మనిషి నుంచి తప్పించుకోవాలని ఎడమకు మెలికపడింది. మోకాళ్ళు దుంగకు తగిలాయి. దుంగ కదల్లేదు. గుర్రం తలకిందులైంది. పిచ్చుక దాని కింద కనపడకుండా పోయింది. ఎముకలు విరిగిన చప్పుడు మిట్ట మీదికి వినపడింది. ఎవరివో ఆ క్షణం తెలీదు.

నేను వెళ్ళేసరికి మసి పక్కకు దొర్లింది. పిచ్చుక కళ్ళు తెరిచే ఉంది. కుడి తొడ ఉండాల్సిన చోట లేదు, పక్కకు తిరిగి ఉంది. దాని కేకలు నేను రాయలేను. బావ కుంటుకుంటూ, పడి లేస్తూ వచ్చాడు. కూతురి దగ్గరికి రాలేదు. సూటిగా ఆ ముసలాయన మీదికి పోయాడు.

"ఎందుకు లేచావురా! ఎందుకు లేచావు! కూర్చోలేకపోయావా!"

ఆయన్ని కింద పడేసి పిడికిళ్ళతో మొహం మీద గుద్దుతున్నాడు. కళ్ళజోడు పగిలి ఆయన చెంపలో దిగింది. ముగ్గురం లాగితే గానీ లేవలేదు. పాపం, కూతురు పడిందని మతిపోయిందన్నారు జనం. ఆ ముసలాయన కూడా నెత్తురు తుడుచుకుంటూ, "ఫరవాలేదండీ, తండ్రి కదా," అన్నాడు. బావ ఎందుకు కొట్టాడో అర్థమైంది నాకొక్కడికే.

అంబులెన్సు పోయింది. మసి లేవాలని చూసి మళ్ళీ పడింది. ముందుకాలు మోకాలి కింద వేలాడుతోంది. పశువుల డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపాడు. చుట్టూ దుప్పటి కట్టారు. తల పట్టుకోవడానికి ఎవరైనా కావాలంటే నేను వెళ్ళాను. కుడివైపు మోకరిల్లాను. అంత బాధలోనూ నన్ను చూసి వణికింది. లేచి చుట్టూ తిరిగి ఎడమవైపుకు పోయి కూర్చున్నాను. అప్పుడు తల నా ఒళ్ళో పెట్టింది. డాక్టరు తుపాకి దాని నుదుటికి ఆనించి పేల్చాడు. వేడి నెత్తురు నా మోచేతులదాకా చిమ్మింది.

పిచ్చుక తొడలో కడ్డీ వేశారు. నెలన్నరకు ఇంటికొచ్చింది. ముందుగదిలో కిటికీ పక్కన మంచం, మంచానికి చంకకర్రలు ఆనించి ఉండేవి. ఒకరోజు మధ్యాహ్నం మేడమ్ వచ్చింది. కాలు బాగయ్యాక వేరే గుర్రం ఇస్తానంది.

"వద్దండీ. చూపు దించుంటాను. నావల్లే మసి చచ్చిపోయింది. ఇంకో గుర్రాన్ని చంపలేను," అంది పిచ్చుక.

"అందరికీ జరుగుతుంటాయమ్మా."

"అందరికీ కాదు, నాకే. ఎండాకాలమంతా నాన్న చెబుతూనే ఉన్నారు, దించుతున్నావని. నాకే ఎక్కలేదు."

బావ గుమ్మంలోనే ఉన్నాడు. విన్నాడు. మేడమ్‌ను సాగనంపడానికి వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు వాడి మీద, ఆ తర్వాత నామీద.

"నువ్వు చూపు దించలేదే పిచ్చుకా," అన్నాను. "ఒక్కసారి కూడా దించలేదు. కర్ర మేం లేపేవాళ్ళం."

"మేం అంటే?"

"ఎడమవైపు మీ నాన్న. కుడివైపు నేను. మసి గాల్లో ఉన్నప్పుడు దాని కాళ్ళకు తగిలేలా. మొదట చెక్కది. తర్వాత ఇనుపది. అందుకే అది మనిషిని చూస్తే బెదిరేది. ఆ రోజు ఆ ముసలాయన లేచి నిలబడ్డాడని మెలిక తిరిగింది. నాకు ముందే తెలుసు. నీకు చెప్పలేదు."

పిచ్చుక తొడ మీద, కొరడా దెబ్బలు పడ్డచోట అరచెయ్యి పెట్టుకుంది.

"మరి నన్ను కొట్టినవి?"

"అవీ మేం కర్ర లేపినప్పుడే," అన్నాను.

"ఆ స్టూలు ఇటు లాక్కో. కూర్చో. పంట్లాం మడిచి కాలు చాపు," అంది.

చాపాను. చంకకర్ర రెండు చేతులా పట్టుకుని, మోకాలి కింది ఎముక మీద ఒక్కటి వేసింది. సన్నటి చేతులే, కానీ పదమూడేళ్ళుగా పగ్గాలు పట్టినవి. కళ్ళు బైర్లు కమ్మాయి. గుర్రాల చేత తన్నులు తిన్నవాణ్ణి, పళ్ళు బిగబట్టి కాలు కదపలేదు. నాకు పడాల్సిందే అనుకున్నాను. మనసులో ఎక్కడో తేలికపడ్డాను కూడా.

"మళ్ళీ చాపు."

చాపాను. కర్ర పైకెత్తింది. దించకముందే నా కాలు ఎగిరి వెనక్కొచ్చేసింది. ఒట్టు, నేను తీయలేదు, అదే వచ్చేసింది. మళ్ళీ చాపాలని చూస్తే మోకాలు వణుకుతోంది.

పిచ్చుక కర్ర అలాగే గాల్లో పట్టుకుని నా కాలివైపు చూసింది. మొహంలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"ఒక్క దెబ్బకే నేర్చుకున్నావు మామయ్యా," అంది. "దానికెన్ని పడ్డాయి?"

మొదటి పూట నాలుగు. ఆ తర్వాత మేమెప్పుడూ లెక్కపెట్టలేదు.

గుమ్మం దగ్గర అలికిడైంది. బావ. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో. పిచ్చుక అటు తిరిగింది. కర్ర మాత్రం దించలేదు.

"మీరూ రండి నాన్నా," అంది.

ఎవరి మాటా వినని మా బావ, లోపలికొచ్చాడు. గోడ పట్టుకుని మెల్లగా నా పక్కన నేలమీద కూర్చున్నాడు. పంట్లాం పైకి మడిచి, బాగున్న కాలు కూతురి ముందుకు చాపాడు.